ఊదమంటావా?

ఆస్పత్రి గది. మంచం మీద దర్జీ కునుకు తీస్తున్నాడు. పక్కన అతని భార్య, అప్పుడే వచ్చిన అతని అక్క.

“మీ తమ్ముడితో వేగలేకపోతున్నాను వదినా. పొద్దున పెద్ద డాక్టరు కళ్ళు చూద్దామని వంగితే, ఆయన మొహం మీద ఉఫ్‌మని ఊదారు.”

“ఊదడమేమిటే?”

“నర్సు మీదా ఊదారు. ఊడ్చే అమ్మాయి మీదా. ఇక మీ వంతే మిగిలింది.”

“నవ్వించకు. స్కానులో ఏమొచ్చింది?”

“ఊపిరితిత్తిలో గడ్డ. కోటు గుండీ అంత.”

“ఊపిరితిత్తిలోనా? మరి ఈ మతిమరుపేమిటి?”

“ఆ గడ్డను చంపడానికి ఒంట్లో పుట్టినవేవో, దాంతో ఆగక మెదడు మీదా పడ్డాయట. మెదడు వాచింది. కోయాల్సిన గుడ్డ ఒకటి, కోసింది ఒకటి అన్నట్టు. పాతవన్నీ గుర్తున్నాయి. కొత్తది పది నిమిషాలు నిలవదు.”

“గడ్డ తీసేస్తే తగ్గుతుందా?”

“ఆ దుప్పటి ఇలా లాగండి, జారుతోంది.”

“తగ్గుతుందా అంటే...”

“కొంత, అన్నారు. ఎంతో చెప్పలేదు.”

“మరి ఆ ఊదడం?”

“అది... పాతది.”

“పాతదంటే?”

“మొదట్లో ఓ చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టారు. నడుస్తూ తూలేవారు. అడిగిందే అడిగేవారు. నేనేమనుకుంటాను? కొట్టు మూసి రాగానే గుమ్మంలో నిలబెట్టి ఊదమనేదాన్ని.”

“రోజూనా?”

“రెండు నెలలు.”

“వాసనొచ్చిందా?”

“రాలేదు. సోంపు నమిలి వస్తున్నారనుకున్నాను.”

“అయ్యో, దగ్గుమందుకే వాంతి చేసుకునేవాడే వాడు!”

“అక్కా? ఎప్పుడొచ్చావు?”

“ఇప్పుడేరా.”

“దీనికి నువ్వన్నా చెప్పవే. ఒట్టు, నేను తాగలేదు. ఇదిగో, ఊదమంటావా?”

“విన్నావా? నమ్మానని చెప్పు వాడికి.”

“ఏం చెప్పను వదినా? చెప్పినా పది నిమిషాలేగా.”

“అంటే ఇంతవరకూ ఒక్కసారీ చెప్పలేదా?”

“...తల ఎత్తండి, దిండు సరిచేస్తాను.”

“ఊదనా?”

“వద్దు. ఇక ఊదక్కర్లేదు. మీరు తాగలేదు.”

“నమ్మావా?”

“నమ్మాను.”

“హమ్మయ్య. రేపు మళ్ళీ మర్చిపోయి, ఊదమనవు కదా?”

“మర్చిపోను.”

“ఏడుస్తావేం?”

“ఏం లేదు. పడుకోండి కాసేపు.”

“పడుకున్నాడే. నువ్వు కాస్త మంచినీళ్ళు తాగు.”

“ఉండండి వదినా, కదులుతున్నారు.”

“అక్కా? ఎప్పుడొచ్చావు?”

“...ఇప్పుడేరా.”

“దీనికి నువ్వన్నా చెప్పవే. ఒట్టు, నేను...”

“మీరు తాగలేదండీ. ఒక్కనాడూ తాగలేదు. తప్పు నాదే.”