వేలు నిలిచిన చోట

అక్కలారా, చెల్లెళ్లారా, అన్నదమ్ములారా.

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని ముగించుకొని, ముఖమైనా కడుక్కోకుండా నేరుగా ఈ కోవిల్‌పట్టి హాలుకు వచ్చారు. సాత్తూరు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. పోయింది నా భార్య పొన్నుతాయి. కానీ మీ ఏడుపు చూస్తుంటే, ఆమె నాకన్నా మీకే ఎక్కువ సొంతమేమో అనిపిస్తోంది. నాకది నచ్చడం లేదు. ఉన్నమాట చెబుతున్నాను.

బయట మనం తమిళం మాట్లాడతాం. ఈరోజు మన ఇంటి భాష తెలుగులోనే మాట్లాడనివ్వండి.

ఆమె పని ఏమిటి? పెద్ద వయసులో చదువు మొదలుపెట్టిన మీకోసం బాలచందర్ తమిళంలో పాఠాలు రాసేవాడు. ఏది సులువు, ఏది కష్టం, ఏది ముందు, ఏది తరువాత? అది పొన్నుతాయి తేల్చేది. మాటల పొడుగు చూసి కాదు. పాఠం మీ చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, మీ వేలు చూసేది. వేలు అక్షరాల కింద నడిచినంతసేపూ సులువు. వేలు నిలిచిందా, అక్కడ కష్టం. అప్పుడు ఆమె మాట అందించేది కాదు. ఎవరినీ అందించనిచ్చేది కాదు. ఊరికే ఉండేది. ఆ మాట మీకు దొరికేదాకా, తనకు మరో పని లేనట్టు, మీ ముఖమే చూస్తూ ఉండేది.

ఆ చూపు మీదే నా అసూయ.

నేను బి.ఏ. చదివాను. ఇంట్లోనే ఉన్నాను కదా, నాతో చదివించి చూడు అన్నాను. "మీరు సదివితే నాకేం తెలుస్తాది? మీరు యాడా నిలవరే" అంది. పాఠం తీసుకుని, మీతోపాటు చదువుకునే సీనియమ్మాళ్ ఇంటికి వెళ్లిపోయింది. ఇంకోసారి కావాలనే ఒక మాట దగ్గర తడబడ్డాను. అలా నన్నూ చూస్తుందని ఆశ. నవ్వింది. "నిజంగా తెలవనోళ్లకు ముందు వేలు నిలుస్తాది, తర్వాత నోరు. మీ నోరు నిలిచింది, వేలు పోతానే ఉండాది. యేసం సాలించండి" అంది.

చివరికి విరుదునగర్ ఆసుపత్రి. సీనియమ్మా, ముందు వరుసలోనే ఉన్నావు, విను. నువ్వు చూడడానికి వచ్చావు. నేను గంజి గ్లాసుతో మంచం పక్కన నిలబడ్డాను. ఆమె గంజి వద్దంది, కొత్త పాఠం చదవమని నిన్నడిగింది. ఒకచోట నీ వేలు నిలిచింది. ఆ మాట నాకు తెలుసు, నోటిదాకా వచ్చింది. ఊపిరి అందని మనిషి, నావైపు చెయ్యెత్తి ఆపింది. ఆమె దగ్గర మిగిలిందే కొంచెం సమయం. అదీ నీకే ఇచ్చింది. మాట దొరికాక, "వేలు నిలిచినా నువ్వే కనుక్కుంటివి. అయితే ఇది సులువే. మొదటి పుస్తకంలో పెట్టమని బాలచందర్‌కు సెప్పు" అంది.

ఆమె తేల్చిన ఆఖరి పాఠం అదే. గంజి చల్లారిపోయింది.

ఆ మౌనం మీ అందరికీ దక్కింది. నాకు దక్కలేదు. నేనెక్కడా ఆగలేదు కనుక.

ఈ కాగితం మీద ఇంకో వాక్యం ఉంది. నేనే రాశాను. అన్నీ చిన్న మాటలే. నా వేలు దాని కిందే ఉంది. కదలడం లేదు.

బాలచందర్, నువ్వు అందించవద్దు. సీనియమ్మా, నువ్వూ వద్దు.

అందరూ లేచి నిలబడండి. ఆమె మీకోసం ఎలా ఊరుకునేదో, అలా కాసేపు నాకోసం ఊరుకోండి.