అజ్మత్ బీ ఒప్పజెప్పిన కూన

ఆగాగు బిడ్డా, ఆ పాలగిన్నె గాడ పెట్టు. పాలు తర్వాత. ముందు ఆ పిల్లికూననిటు నా చేతికియ్యి. ఎక్కడ దొరికిందే చాందీ? వెదురు లారీలు నిలవడేకాడనా? తల్లి కనవడలేదా? నిన్నంత ఒక్కటే ఒర్లింది, పొద్దటిసంది సప్పుడు లేదంటవ్. అగో, ఆ సప్పుడు లేకపోవుడే నాకు నచ్చుతలేదు. ఒర్లినన్ని దినాలు దానికి ఆకలున్నది, సత్తువ ఉన్నది. సప్పుడు బందయిందంటెనే భయపడాలె. దాని పాదం ముట్టిచూడు. సల్లగుంది గద. నోట్లె నీ చిటికెనవేలు పెట్టు, ఏం గాదు, దానికింక పండ్లు రాలే. లోపట గూడ సల్లగనే ఉన్నదా? గట్ల సల్లవడ్డ కూనకు పాలు వోస్తె అరగయి బిడ్డా, కడుపుల ఉండి పులుస్తయ్. ముందు దానికి కాక రావాలె. పొయ్యికాడ పెడ్తవా? వద్దొద్దు, ఒక్కపారె అంత సెగ తగిల్తె తట్టుకోదు. గిట్ల, రైక లోపట, నా ఒంటికి ఆనిచ్చి పెట్టుకుంట. నవ్వకు. ముసల్ది చంటిపిల్ల లెక్క పిల్లికూనను రైకల పెట్టుకున్నదని మీ అమ్మ మోతీకి చెప్పుకో పో. ఇగ కూసో. జర సేపు పడ్తది.

నాకెవరు చెప్పిన్రా? డాక్టరు చెప్పిండా, పుస్తకం చదివిన్నా? అజ్మత్ బీ చెప్పింది. నీకు యాదికుండదులే, నువ్వు లాగు తొడుక్కోకుండ ఉరికే దినాలల్లనే పోయింది ఆమె. ఇదే గోడకు ఆ పక్కిల్లు. ఇప్పుడు ఫోన్లు చేసే ఎస్టీడీ బూతు పెట్టిన్రు సూడు, నాకు నోరు తిరగది, అదే ఇల్లు. వాళ్ళాయన మున్వర్ పరుపులు కుట్టేటోడు. ఇంటినిండ దూది. ఆమె తలెంటికలల్ల దూది, రొట్టెల దూది, చాయ్ పోస్తె చాయ్‌ల గూడ ఒక పోగు తేలేది. మా ఆయన జంపయ్య వెదురు యార్డుల కాంట్రాక్టు పని, కాయితం మిల్లు అప్పుడప్పుడే నడువబట్టింది, సారపాకల గిన్ని ఇండ్లు యాడివి. మేం కిరాయికి దిగిన దినమే ఆమె గోడమీదికెళ్ళి తల పెట్టి, "ఏం పేరమ్మా నీది?" అన్నది. "సారక్క" అన్న. "మాకాడ ఎలుకలు శాన, పిల్లులు గూడ శాన, నీ పాలు భద్రం సారక్కా" అన్నది. గదీ మా మొదటి ముచ్చట.

దూది ఉన్నకాడ ఎలుకలు గూడు వెడ్తయ్ గద, అందుకె పిల్లులను సాదేది. సాదుడంటె అట్లిట్ల గాదు. కూనలు పుట్టినయంటె ఆమెకు వేరే పని ముట్టది. దూది తూచే చిన్న తరాజు ఒకటుండె. పొద్దుగాలనే ఒక పళ్ళెంల కూనను పెట్టేది, ఇంకో పళ్ళెంల చింతగింజలు. నిన్నటికంటె నాలుగు గింజలు ఎక్కువ వడ్డయా, మంచిగున్నది. ఎక్కలేదా, "ఇయ్యాల దీన్ని చూసుకోవాలె" అనేది. తగ్గినయా, ఇగ ఆ దినం ఆమెకు అన్నం సయించేది కాదు. నేను నవ్వేదాన్ని. "పిల్లి బరువెక్కలేదని నువ్వు బరువు తగ్గుతవా అక్కా" అనేదాన్ని. ఆమెకు కోపం రాకపోయేది. పెదవి లేపి చిగుర్లు చూపిచ్చేది నాకు. "గులాబిరంగు ఉండాలె. తెల్లగ ఉన్నయంటె లోపట రక్తం లేదన్నట్టు. చూడు, పేలు తాగుతున్నయ్ దీన్ని" అని దువ్వెన వెట్టి ఒక్కొక్క పేను దీసి నీళ్ళల్ల వేసేది. తండల ఒకాయన పేలకని మిరపతోటల చల్లే పౌడరు రాసిండు, ఒక్క దినంల నాలుగు కూనలు పోయినయ్. బద్యా అనేటోడు. ఏడ్సుకుంట వచ్చి చెప్పిండు పాపం. అప్పటిసంది ఆమె కనవడ్డోల్లకల్ల చెప్పేది, పౌడర్లు పుయ్యకున్రి, మనకు పడేది వాటికి పడదని.

ఏదీ, ఇటు చూడు. కదుల్తాంది. పాదం ముట్టు. వెచ్చగయింది గద? ఇప్పుడు తే పాలు. బర్రెపాలు గావు గద? మేకపాలేనా, మంచిది, రెండింతల పాలకు ఒకింత కాగబెట్టి సల్లార్చిన నీళ్ళు కలుపు. నీ మణికట్టు మీద చుక్క వేస్కో, కాలొద్దు, సల్లగుండద్దు. ఆ ఇంకు ఫిల్లరు ఉడుకునీళ్ళతోని కడిగినవా? అవ్, ఇటియ్యి. ఇప్పుడు చూడు, మంచిగ చూడు. బోర్ల. తల్లికాడ ఎట్ల పడుకోని తాగుతదో గట్ల, బోర్ల. తల కొంచెం లేపాలె, గంతే. మనమేం పిండద్దు, చుక్క పెదవికి అంటిస్తె అదే చీకాలె. ఒక చుక్క. ఆగాలె. మింగినంక ఇంకో చుక్క. ఎల్లెలకల తిప్పకు దాన్ని! ఎప్పటికీ కడుపు పైకొచ్చేటట్టు పండవెట్టకు. నా మీద ఒట్టు. అగో, చీకుతాంది. చీకుతాంది తల్లి. చాలు, కడుపు పగిలేదాన్క పొయ్యద్దు. ఇప్పుడు తడిబట్టతోని తోక కింద మెల్లగ తుడువు, తల్లి నాలికతోని నాకినట్టు. గట్ల తుడిస్తేనే ఉచ్చ పోస్తది, చిన్నదానికి తనంతల తానుగ రాదు. ఆఁ, పోసింది. చెయ్యి కడుక్కో. కండ్లకు పుసులున్నయ్, సల్లారిన ఉప్పునీళ్ళల్ల దూది ముంచి బయటికి తుడువు. గంట గంటకు తాపాలె, పొద్దుగాల భద్రాచలంల పశువుల దవాఖానకు తీస్కపోవాలె. చిగుర్లు నాకు తెల్లగనే కనవడ్తున్నయ్. నేను చెప్పినదాంతోని అయిపోయిందనుకోకు.

ఎల్లెలకల తిప్పితె ఏమైతదా? గట్ల అరిసిన్నా నీ మీద? ఏమో బిడ్డా. అయితది. చూసిన్నేను. కాదు, చూసుడు గాదు. చేసిన.

ఒక్కపారి ఆమె తల్లిపిల్లి లారీ కింద పడ్డది, వెదురు లారీ. మూడు కూనలు, పన్నెండు దినాలయి. రెండు పోయినయ్, ఆమె ఎంత చేసినా పోయినయ్. ఒక్కటి మిగిలింది, బూడిదరంగుది. దాన్ని ఒళ్ళెవెట్టుకోని ఆమె వంట చేసేది, దూది ఏరేది, నమాజుకు కూసున్నా పక్కకు బుట్టల ఉండేది. వారం దినాలకు అది గింజలు గింజలు బరువెక్కుతాంది, ఆమె మొఖం కళకళలాడుతాంది. గప్పుడె కమ్మంకెళ్ళి కబురొచ్చింది, బిడ్డ గులాబ్ బీకి నొప్పులొస్తున్నయని. ఆ పిల్లను ఖానాపురం హవేలిల ఇచ్చిన్రు. తొలిచూలు. తల్లి పోకుంటె ఎట్లుంటది? మున్వరన్న గూడ తోడు పోయిండు. కూనను బస్సుల తీస్కపోతె సస్తదని, బుట్టతో సహా తెచ్చి నా చేతులల్ల పెట్టింది. "సారక్కా, మూడు దినాలు. నిన్ను తప్ప ఎవరిని అడగ" అన్నది. ఇగ చెప్పుడు మొదలువెట్టింది. బోర్ల తాపు. సల్లగుంటె తాపకు. చీకకపోతె బలవంతం చెయ్యకు, ముందు వెచ్చవెట్టు, ఇంక తాగకపోతె దవాఖానకు తీస్కపో. నేనేమో నవ్విన. "నలుగురు పిల్లలను సాదిన అక్కా, గిదొక లెక్కనా" అన్న. ఆమె బస్సెక్కేదాన్క ఎనక్కి తిరిగి తిరిగి చెప్తనే ఉన్నది. నాకు ఇసుగొచ్చింది, అబద్ధమెందుకు.

మొదటి దినం మంచిగనే తాగింది. రెండో దినం పగటీలి, మబ్బుపట్టి ముసురు పడ్తాంది, నేను బట్టలు తీసుట్ల పడి బుట్టను వాకిట్లనే మర్సిన. తీసి చూస్తె సల్లగున్నది. పాలు వెడ్తె చీకది. నాకేమనిపించింది తెల్సా? పొల్లగాడు పాలు తాగకపోతె మనమేం జేస్తం? కాళ్ళు చాపుకోని, కాళ్ళమీద ఎల్లెలకల పండవెట్టి, ముక్కు పట్టుకోని ఉగ్గుగిన్నెతోని పోస్తం. ఏడ్సుకుంట మింగుతడు. మా అత్త నా నలుగురికి గట్లనే పోసింది, నేను గూడ గట్లనే పోసిన, నలుగురూ బతికిన్రు. ఇదెంత అనుకున్న. కాళ్ళు చాపిన. ఎల్లెలకల పండవెట్టిన. నా పిల్లల ఉగ్గుగిన్నెనే దీసిన. నోరు తెరిచి పోసిన. దానికి మింగుడు యాడ వస్తది? ముక్కులకెళ్ళి పాలు వచ్చినయ్. చిన్నగ తుమ్మింది. నేను తుడిచి మల్ల పోసిన. మల్ల పోసిన చాందీ. కడుపు నిండాలె గద, అక్క ఒప్పజెప్పింది గద అని. జర సేపటికి దాని ఛాతిల గురగుర మొదలైంది. నోరు తెరిచి ఊపిరి తీస్తాంది. పొద్దుగూకకముందె అయిపోయింది. ఇంటెనక కంచెకాడ బొంద దీసి పెట్టిన.

మూడోదినం ఆమె వచ్చింది. మనుమడు పుట్టిండు, మిఠాయి పొట్లం చేతిల ఉన్నది. తన ఇంటి తాళం గూడ తియ్యలే, సీద మా ఇంటికొచ్చింది. "ఏదీ నా బంగారం?" అన్నది. నేను పొయ్యి ముందు కూసున్న. తలెత్తకుండ అన్న, "గండుపిల్లి ఎత్కపోయిందక్కా." నోట్లకెళ్ళి ఎట్ల వచ్చిందో వచ్చింది. చెవు తెగిన గండుపిల్లి ఒకటి తిరిగేది ఈ వాడకట్టుల. దానికి ఆమెనే రోజు అన్నం పెట్టేది. ఆమె అట్లనే గడపల కూలవడ్డది. తిడ్తదనుకున్న. తిడితె నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దునేమో, ఏమో, చెప్పలేను. తిట్టలే. మిఠాయి నా పిల్లల చేతులల్ల పెట్టింది. "నువ్వేం జేస్తవ్ సారక్కా. నేను పోవద్దుండె. ఆ గండుదానికి తిండిపెట్టి వాకిట్లకు అలవాటు చేసింది నేనే" అన్నది. మరునాడు మున్వరన్న గండుపిల్లిని గోనెసంచిల కట్టి, బ్రిడ్జి దాటిచ్చి, గోదారి అవతల వదిలేసి వచ్చిండు. సంచిల అది అరుసుకుంట పోతాంటె నేను చాటల బియ్యం చెరుగుతున్న. చెరుగుతనే ఉన్న. అది మల్ల రాలే.

అంతటితోని పోయినా అయ్యేది. పోలే. ఆమె ఇగ కూనలను ముట్టుడు మానేసింది. తరాజు దూదికే అయింది. తండలకెళ్ళి భీమ్లా ఒకపారి రెండు కూనలను గంపల పెట్టుకోని వచ్చిండు, కండ్లు అంటుకపోయి ఉన్నయ్ వాటికి. "బీబమ్మా, నువ్వు చూస్తె బతుకుతయని వచ్చిన" అన్నడు. ఆమె గడప దాటలే. "నా చేతిల నిలువయి భీమ్లా. తీస్కపో నాయినా" అన్నది. ఆయన నా దిక్కు చూసిండు. నేను గోడకాడ నిలవడి ఉన్న. ఆమె చేతిల ఎన్ని నిలిచినయో లెక్క నాకెర్క. ఆ బూడిదరంగుది ఎవరి చేతిల పోయిందో గూడ నాకె ఎర్క. ఒక్క మాట అంటె అయిపోయేది. ఇంట్లకు పోయి తలుపు వేస్కున్న. ఆ కూనలు ఏమైనయో తెల్వదు.

గోదారి ఊర్లమీదికి వచ్చిన ఏడుంది సూడు, అది పోయినంక రెండేండ్లకు ఆమెకు ఒళ్ళంత నీరు పట్టింది. కమ్మం తీస్కపోయిన్రు, తీస్కొచ్చిన్రు. ఇగ లాభం లేదన్నరు. ముందటి అర్రల మంచం వేసిన్రు. వాళ్ళల్ల ఒక పద్ధతుంటది బిడ్డా. పోయే మనిషి కలిసి బతికినోళ్ళను పిలిచి మాఫీ అడుగుతరు. ఏమన్న అన్నా, ఏమన్న చేసినా మాఫ్ చెయ్యిమని. అడిగించుకున్నోళ్ళు గూడ అడగాలె, నన్ను గూడ మాఫ్ చెయ్యి అని. అప్పుడే ఇద్దరికీ తీరుతదట. నన్ను పిలిచింది. పోయి మంచంపట్టె మీద కూసున్న. చెయ్యి పట్టుకున్నది, వేళ్ళు ఉబ్బి ఉంగరం తీయరాకుంట అయింది. నాకు ఉర్దూ రాదు గద, మెల్లగ తెలుగుల అన్నది, "సారక్కా, ఇన్నేండ్లు ఒక్క గోడకు బతికినం. నాతోని ఏమన్న తప్పు జరిగితె మాఫ్ చెయ్యి." నేను "చేసిన అక్కా" అన్న. మల్ల అన్నది, "ఆ గండుపిల్లిని గట్ల పంపియ్యద్దుండె. నోరులేని జీవి, దాని గుణం అది చూపిచ్చింది. దాన్ని మాఫీ అడుగుదామంటె లేకపాయె."

గులాబ్ బీ నీళ్ళ గిలాస తెచ్చింది. తల్లికి చెంచతోని పోసింది. ఆ పిల్ల మధ్యల వచ్చింది, లేకుంటె చెప్పేదాన్నే అని నేను పదకొండేండ్ల సంది నాకు నేను చెప్పుకుంటున్న. ఉత్తదే. ఆ పిల్ల నీళ్ళు పోసి ఎల్లిపోయింది. చెయ్యి ఇంక నా చేతిలనే ఉన్నది. ఆమె నా మొఖం చూస్కుంటనే ఉన్నది, నేను అడుగుత అని. ఆమె అడిగింది, నేను ఇచ్చిన. నేను అడగలే.

...

లే, కూనను గుడ్డల వెచ్చగ చుట్టుకోని పో ఇగ. మీ అమ్మ ఎదురుచూస్తాంటది. రేపు దవాఖానకు పొయ్యేటప్పుడు నన్ను గూడ పిలువు, నేనొస్త.