బతికిన చెరువు

అల్లవరంలో రొయ్యల జబ్బులు పరీక్షించే లేబు. ఓనరుగారు భోజనానికి వెళ్ళిన వేళ. కంప్యూటరు ముందు సుందరి. ఆమె కుర్చీ వెనక భర్త జగ్గారావు, హేచరీ నుంచి రొయ్యపిల్ల తెచ్చి రైతులకు అమ్మే ఏజెంటు.

“ఇంకోసారి తియ్యవే.”

“ఎన్నిసార్లు తీసినా అదే వస్తందండీ. పిల్ల ఏ హేచరీదో ఇటు, చెరువుకి తెల్లమచ్చ జబ్బు వచ్చిందా రాలేదా అటు. రెండూ కలిపి లెక్కెట్టమని క్వెరీ రాసేను. మిగతా హేచరీల్లో జబ్బు అక్కడోటీ ఇక్కడోటీ. మీ హేచరీకొచ్చేసరికి…”

“ఆపు. హేచరీ తీసేసి మేత కంపెనీ పెట్టి చూడు.”

“పెట్టేను. ఏ మేత వేసినా చచ్చినవీ ఉన్నాయి, బతికినవీ ఉన్నాయి. దానికీ జబ్బుకీ సంబంధం లేదు.”

“నీళ్ళు? ఉప్పుకాలవా, బోరా అని?”

“ఆయ్, అదీ చూసేనండి.”

“మరేం చేస్తావిప్పుడు?”

“నన్నడుగుతారేంటి? సాయంత్రం చెరువులెందుకు పోయాయో తెలుసుకోడానికి రైతులొస్తారు. ఓనరుగారు ఈ లెక్క కాయితం నా చేతికిచ్చి చదవమంటారు. చదవకపోతే ఉద్యోగం పోద్ది. చదివితే… ఆ హేచరీకి ఇక్కడ ఏజెంటు మీరొక్కరే.”

“నా కొంపకి నిప్పెట్టేస్తారు.”

“మన కొంపండీ. అందులో నేనూ ఉంటాను.”

“ఆ వరస తీసెయ్యి. ఎవడికి తెలుస్తది?”

“ఎవరి దగ్గర కొన్నారో వాళ్ళకి తెలీదా? మీ దగ్గర పిల్ల కొన్న అబ్బులుగారు ముందు అదే అడుగుతారు. మా వరస ఏదమ్మా అని.”

“అబ్బులుగాడొకడు…”

“ఉండండుండండి! మీ వరసలో బతికిన చెరువొకటుంది. ఐ.పోలవరం… మా నాన్నదండీ!”

“సుందరీ…”

“మీ పిల్లే కదా! మీ చేత్తోనే వదిలేరు కదా! పిల్లలోనే జబ్బుంటే అదెలా బతికిద్దండీ? ఇది చాలు. మా నాన్ననే తీసుకొచ్చి రైతుల ముందు నిలబెడతాను.”

“మీ నాన్నని తీసుకురాకు.”

“అల్లుడి కోసం ఆమాత్రం రాడా?”

“వద్దన్నానా!”

“దొరక్క దొరక్క దొరికింది, వదులుకోమంటారా? ఏంటండీ, గుమ్మంకేసి చూస్తారు? నాకేసి చూసి చెప్పండి.”

“మావయ్యగారికి పోసింది ఆ పిల్ల కాదే. మనవాళ్ళకి ఇదెందుకులే అని, వేరే హేచరీలో తెచ్చేను.”