కుదువపెట్టిన వాచీ

1973, వానాకాలం చివరి రోజులు. లింగంపల్లి స్టేషన్ ఎదుట సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణంలో, అప్పుడే రైలు దిగి వచ్చిన ఒకాయన చేతివాచీ విప్పి బల్లమీద పెట్టాడు.

"ఒక సైకిల్ ఇవ్వండి. కోకాపేట గుట్టల దాకా వెళ్లొస్తాను."

"వాచీ ఎందుకు విప్పిండ్రు సార్?"

"సైకిల్ తీసుకునేవాళ్లు ఏదో ఒకటి మీ దగ్గర కుదువపెట్టాలటగా. మా తమ్ముడు ఉత్తరంలో రాశాడండి. ప్రతి ఆదివారం మీ సైకిలే తీసుకుని ఈ రాళ్ల బాటలన్నీ తిరిగేవాడు."

"కళ్లద్దాల సారా?"

"వాడే. పోయిన నెల వాడు పడి చనిపోయిన క్వారీ గుంట ఒకసారి చూద్దామని వచ్చాను."

"ఆయన వాచీ ఇంకా నా తాననే ఉన్నది. ఇగో, తీస్కోండ్రి."

"నడుస్తోందే."

"రోజూ కీ ఇస్తున్న సార్. ఆపబుద్ధి కాలే."

"మంచి బాట ఉండగా వాడు ఆ గుంట పక్కకి ఎందుకెళ్లాడంటారు?"

"ఆరింటికి దుకాణం బంద్ జేస్త, జర జల్ది రండ్రి అని నేనే చెప్పిన. ఆ దినం మబ్బు పట్టి అంత చీకటైంది. ఆరు దాటిందనుకొని అడ్డదారిన ఉరికిండు. ఆయన పడ్డడని కబురొచ్చినప్పుడు ఈ వాచీల అయిదే అయింది."

వచ్చినాయన తమ్ముడి వాచీని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఎర్ర సైకిల్ తీస్కపోండ్రి సార్. బ్రేకులు మంచిగున్నయి."

"సరేనండి. నా వాచీ లోపల పెట్టుకోండి."

"వద్దు సార్. మీ చేతికే ఉండనీయుండ్రి."