ఈపొద్దు ఎట్ల చేసినావు?

గుత్తి, 1952 కరువు. హలీమాబీ చనిపోయి నలభయ్యో రోజు. ఫాతెహా చదవడానికి ముల్లా సాబ్ వచ్చేలోపు ఆమెకు ఇష్టమైనది వండి పెట్టాలి. వంటకొట్టంలో ఆమె భర్త నబీ సాబ్, కోడలు గౌస్‌బీ. నబీ సాబ్ కిందటేడాది దాకా రైల్వే దొర బంగళాలో వంటవాడు.

"మామిడిపండ్లేనా మామా? వేరే ఏ పండూ పనికిరాదా?"

"రాదు. మీ అత్త అడిగింది మామిడిపండుదే."

"అరటిపండ్లు ఇంట్లోనే ఉండాయి..."

"మామిడిపండే అంటాండా కదమ్మా. ఈ కరువులో గుంతకల్లు దాకా పోయి తెచ్చినా. దొరసాని దీన్ని కాబ్లర్ అంటాండె. మీ అత్తకు నోరు తిరక్క పండ్ల రొట్టె అనేది. నేను పని నుంచి ఇల్లు చేరితే చాలు, కాళ్లు కడుక్కోకముందే అడిగేది. ఆ పండ్ల రొట్టె చేసినావా, ఈపొద్దు ఎట్ల చేసినావు అని."

"ఊఁ."

"దొరసాని వాళ్ల ఇంగ్లండుకు పోయినంక ఇంట్లోనే ఉంటిని. అప్పుడన్నా చేసిపెట్టలేదు. ఆ చక్కెర ఇట్లియ్యి."

"ముక్కల మీద చల్లేదా?"

"చల్లి..."

"చల్లి, నీళ్లు ఊరేదాక పక్కన పెట్టల్ల."

"నీకెట్ల తెలుసు?"

"అత్త చెప్పింది. మైదాలో డాల్డా ఏసినా మామా. పిసకగూడదు, యేళ్ల కొసలతో నలపల్ల. రవ్వ మాదిరి రావల్ల. అంతే కదా?"

"అదీ చెప్పిందా?"

"అన్నీ చెప్పింది. పండ్ల మీద ముద్దలు ముద్దలుగా పెట్టల్లని, చదును చెయ్యగూడదని."

"చదును చేస్తే గట్టిపడతాది. పాలు యాడ?"

"పక్కింటి గంగక్క ఈ మాత్రం ఇచ్చింది. వాళ్ల ఎనుముకే మేత లేదంట."

"చాల్లే. కింద సట్టిలో ఇసుక పోసినావా?"

"పోసినా. బంగళాలో ఇనప పొయ్యి అంట కదా?"

"మనకు ఈ సట్టే. గిన్నె లోపల పెట్టి, మూత మీద నిప్పులెయ్యల్ల. ఇట్ల..."

"మామా, చెయ్యి! మామా, నిప్పు! చెయ్యి కాల్తాండాది!"

"ఊఁ?"

"నీళ్లలో పెట్టు."

"ఉండనీ. తెలీలేదమ్మా. ఆమె పోయినప్పటి నుంచి నాకు ఏదీ తెల్డం లేదు. ఆకలి తెలీదు, నిద్ర తెలీదు. ఏడుపు గూడా రాలేదు, చూసినావు కదా."

"చూసినా."

"అందరూ ఏడుస్తాంటే నేను గోడ మాదిరి నిలబడితి."

"వాసన వస్తాండాది మామా."

"పైన ఎర్రబడిందేమో చూడు."

"ఎర్రబడింది. అంచుల్లో రసం కుతకుతా ఉడుకుతాండాది."

"దించు. రుచి చూడగూడదు, ఫాతెహా కాలేదు. రుచి చూడకుండా నేను వంట దించింది ఈపొద్దే."

"బాగనే ఉంటాది."

"ఆమెకు నచ్చుతాదంటావా?"

"ముల్లా సాబ్ వచ్చే యాళయింది మామా. చాప పరుస్తా."

"నచ్చుతాదా అంటాండా."

"తప్పుకో మామా, చాప తీసుకుంటా."

"పొద్దున్నుంచి ఏదో నోటిదాకా తెచ్చి మింగుతాండావు. చెప్పు."

"ఎందుకులే మామా."

"చెప్పమ్మా."

"మామిడిపండు అత్తకు పడదు. ఒక ముక్క తిన్నా నోరంతా పొక్కుతాదనేది."

"పడదా?"

"నా పెండ్లయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి చూస్తాండా. ఒక్క ముక్క ముట్టలేదు."

"మరి దినామూ అడిగేది కదమ్మా! ఎట్ల చేసినావు, ఎట్ల చేసినావు అని. చెప్పిందే చెప్పించుకునేది!"

"వంట సంగతి ఎత్తితేనే మీ మామ నోరు తెరుస్తాడు, లేకుంటే తిని గోడదిక్కు తిరిగి పండుకుంటాడు అనేది మామా."

"నా చెప్పులు ఇట్లియ్యి."

"మామా, యాడికి? ముల్లా సాబ్ వీధిలోకొచ్చినాడు. మామా!"

"కొంచేపు కూచోమను. గోరీ కాడికి పోయి, ఈపొద్దు ఎట్ల చేసినానో ఆమెకు చెప్పొస్తా."