ఆరు మూలల దుప్పటి

ఎన్నిసార్లు ఫోన్ చెయ్యాలె తహసీన్? నువ్వు ఎత్తవు. మీ అమ్మ ఎత్తితే, నా గొంతు వినంగనే పెట్టేస్తది. ఇగ ఏం చెయ్యను, వనపర్తి నుంచి రెండు బస్సులు మారి మానవపాడుల మీ అమ్మ ఇంటి దాక వచ్చిన. జర నిలబడు. లోపలికి పిలవకున్నా మంచిదే.

నీకు ఊలు అల్లే క్రోషా సూది పట్టుడు నేర్పింది నేనే గదా. ఆరు మూలల దుప్పటికి ఏం చెప్పిన? ప్రతి వరుసల, మూల రాంగనే ఒకే కుట్టుల మూడు కుట్లు ఎయ్యాలె. తక్కువైతె గిన్నె లెక్క ముడుచుకుంటది, ఎక్కువైతె అంచు ఝాలర్ లెక్క కుచ్చులు కుచ్చులుగ లేస్తది. నువ్వు రెండు దినాలల్ల పట్టుకున్నవు. నాకు రెండు నెలలు పట్టింది.

మన సంఘం అమ్మిన దుప్పట్లల్ల నాలుగు హైదరాబాద్ దుకాణపోల్లు తిప్పి పంపిండ్రు గదా. పసిపిల్లల కింద పరిస్తె నడుమ గుంత పడుతుందట. మన సంఘం పెద్ద సరిత వాటిని అందరి ముంగట బల్ల మీద పరిచి, "ఇవి ఎవరు అల్లిండ్రు?" అన్నది.

నేనే నీ పేరు చెప్పిన. "కొత్త పిల్ల, తొందర ఎక్కువ" అన్న. నా దిక్కు చూసినవు. సూది బల్ల మీద పెట్టి, చెప్పులేస్కొని పోయినవు.

అవి నావి బిడ్డా.

ఆ ముదురు నీలం ఊలు నా కంటికి నల్లగనే కనపడ్తది. కుట్టు కానరాక వేలితోని తడిమి ఏసిన. మూలకు మూడనుకుంటె ఒకసారి రెండు, ఒకసారి ఒకటే పడ్డది. మొన్న కంటి దవాఖానకు పోయిన. నరం ఎండిపోతుందట. పోయిన చూపు మళ్ల రాదట.

అవి నావేనని నిన్న సంఘంల అందరికి చెప్పిన. ఎవరూ తిట్టలే. తిట్టినా బాగుండు. రేణుకమ్మ చాయ్ తెచ్చి చేతికిచ్చింది. "పాపం, కండ్లు కానరాక అవి నీవని గుర్తుపట్టక పొరపాటు పడ్డవు, తహసీన్‌ను పిలుచుకరా" అన్నది సరిత. నేను ఊకున్న.

గది నిజం కాదు. ఆ రోజు సరిత పరవంగనే అంచు మీద చెయ్యి పెట్టి చూసిన. ఇరవై ఏండ్లు అల్లినదాన్ని, నా చేతిపని నాకు తెల్వదా? తెలిసే నీ పేరు చెప్పిన. నేర్పేటిదానికే మూల తప్పిందంటె నన్ను ఇంట్ల కూసోబెడ్తరని భయపడ్డ.

వస్తె రా, రాకుంటె లేదు. నన్ను తిట్టుకో. కండ్లు కానరాని ముసలిది, పాపం అని మాత్రం అనుకోకు.