ఉప్పు లేని మజ్జిగ

ఏమ్మే నేత్రావతీ, అంత గట్టిగ అడుగుతావేంది? మెల్లగ అడుగు. మీ అవ్వ వంటింట్లో ఉండాది, దానికి కండ్లు మసకబారినాయి గాని చెవులు భలే పనిచేస్తాయి. ఆ కుర్చీ ఇట్ల లాక్కో, ఆడ ఎండ పడతాది. ఏం మాత్ర అంటివి? పేరు నాకు యాడ గుర్తుంటాదమ్మా, జీవితమంతా లారీ తోలినోణ్ణి, నీ మాదిరి బళ్ళారిలో మందుల చదువు చదివినోణ్ణా? నువ్వు ఇప్పుడేందో పేరు చెప్పినావే, అదే అయ్యుంటాది. రాత్రిళ్ళు ఒంటికి, అదే ఉచ్చ, రాకుండ ఆపే మాత్ర. మా బావకి, అదే మీ తాత ఎర్రప్పకి, ఇచ్చింది అదే. నువ్వు ఆయప్పని చూడలే. అప్పటికి నువ్వు మీ అమ్మ కడుపులో ఉంటివి.

ఆయప్ప ఎట్లాంటోడనుకున్నావు? ఈ సండూరు కొండల్లో ఆయప్ప మాదిరి లారీ దింపేటోడు లేడు. అప్పుడు రేయింబగళ్ళు ఇనుప ఖనిజం లోడ్లే లోడ్లు, ఆ దుమ్ముకి ఈ తారానగర్‌లో ఇండ్లు, చెట్లు, కుక్కలు, అన్నీ ఎర్రగా ఉండేవి. మేమిద్దరం ఒకే ఓనరు కాడ చేసేటోళ్ళం. నా చెల్లెల్ని ఇచ్చినామని ఊరికే అనడంలే, ఆ ఎర్రమట్టి కొండ రోడ్డు ఒక్క మలుపులో కూడా బ్రేకు కిర్రుమనేది కాదు. అట్లాంటోడికి అరవై దాటినాక ఈ రోగం తగులుకుంది. రాత్రి నాలుగు మాట్లు, ఐదు మాట్లు లేచేది. లేస్తే సరిపోతాదా? ఈ ఇల్లు చూడు, బయటికి పోవల్లంటే నడిమింట్లో నుంచే పోవల్ల. ఆ నడిమింట్లో మీ అమ్మా నాయనా, కొత్తగా పెండ్లైనోళ్ళు, పండుకునేటోళ్ళు. కొత్త కోడలు పండుకుంటే మామ దాటుకోని పోవల్ల, మళ్ళ దాటుకోని రావల్ల. సిగ్గుతో సగం చచ్చినాడమ్మా మీ తాత. ఉక్కపోస్తాందని చెప్పి మంచం బయట వేసుకున్నాడు. చలికాలం కూడా ఉక్కపోస్తాందనే చెప్పినాడు. లారీ స్టాండులో శివప్ప అని ఒకడు ఉండె, వాడు ఊరుకుంటాడా? 'ఏమప్పా ఎర్రప్పా, తాలూకాలో బోర్లన్నీ ఎండిపాయె, నీదొకటే పారుతాండాదంట కదా' అనేటోడు. అందరూ నవ్వేటోళ్ళు. ఆయప్పా నవ్వేటోడు. నవ్వి, టీ సగం గ్లాసులోనే వదిలేసి లేచిపోయేటోడు.

ఆఖరికి నేనే బలవంతంగ బళ్ళారికి పిల్చుకపోతి. పొద్దున్నే గాంధీనగర్ పక్క ఉగ్గాణీ మిరపకాయ బజ్జీ తిని, డాక్టరు కాడ కూచున్నాం. అప్పుడు కూడా బజ్జీలు తిన్నాడు గాని నీళ్ళు ముట్టుకోలే, బస్సులో ఇబ్బందైతాదని. మొదట ఇచ్చిన మాత్ర, అదేదో గ్రంథి పెద్దదైతే దాన్ని వదులు చేసేదంట. అది పడలే. లేస్తానే కండ్లు తిరిగి, ఒక పొద్దు లారీ దిగుతా దిగుతా టైరు మీద పడినాడు. మళ్ళ పోతే ఈ రెండో మాత్ర ఇచ్చినాడు. డాక్టరు మంచోడే, ఆయన్ని అనేదానికి లేదు. కన్నడంలో రెండు మాట్లు చెప్పినాడు: 'సాయంకాల ఆదమేలె నీరు కమ్మి కుడీబేకు, యజమాన్రే.' పొద్దు మునిగినాక నీళ్ళు తక్కువ తాగల్లని. ఒక గుక్క, రెండు గుక్కలు, అంతే. వారానికి వచ్చి నెత్తురు పరీక్ష చేయించుకోమన్నాడు. బావ బుద్ధిగా తలూపినాడు. అదే సాయంత్రం నేను లోడు ఎత్తుకోని ఓడరేవుకి పోతి, ఆడ లారీల వరసలో పది దినాలు ఇరుక్కుంటి.

ఇంటికొచ్చి ఆయప్ప ఏం చెప్పినాడో తెల్సా? మోకాళ్ళ నొప్పికి మాత్రలిచ్చినారని. ఆడదానికి చెప్పే రోగమా ఇది, అనుకున్నాడు. ముప్పై ఏండ్లు కాపురం చేసినాడు, నలుగురు పిల్లల్ని కన్నాడు, ఒంటికి ఎక్కువొస్తాందని మాత్రం పెండ్లానికి చెప్పలేకపాయె. మొగోళ్ళ సిగ్గు అట్ల ఉంటాదమ్మే, చెప్తే నవ్వొస్తాది, చెప్పకుంటే పానం పోతాది.

మన కాడ ఇంగ్లీషు మాత్ర అంటేనే ఉష్ణం కదా. జ్వరానికి మింగినా, నొప్పికి మింగినా, వెనకాల్నే చెంబుడు మజ్జిగ. మా అమ్మ అట్లే చేసె, మీ అవ్వా అట్లే నేర్చుకునె. బావకి బీపీ ఉండాదని అంతకుముందే ఉప్పు తగ్గించమనింటిరి. మీ అవ్వ మహా నిష్ఠ మనిషి కదా, మజ్జిగలో ఉప్పు మొత్తానికే మానేసింది. రాత్రి మాత్ర మింగుతానే పెద్ద చెంబు చేతికిచ్చేది. 'తాగు, మోకాళ్ళ మాత్రలు మహా వేడి' అనేది. ఆయప్ప వద్దంటే ఎందుకు వద్దని అడుగుతాది. అడిగితే చెప్పల్ల. చెప్పలేక తాగినాడు. పైగా మాత్ర పనిచేసింది! రాత్రంతా నిద్ర. ఎన్నేండ్లకో నిండుగా నిద్రపోయినాడు. స్టాండుకొచ్చి శివప్పతో, 'బోరుకి మూత పెట్టించినాలేప్పా' అన్నాడంట. సంతోషంలో నెత్తురు పరీక్ష మర్చేపోయినాడు.

నువ్వు తలాడిస్తాండావు, నీకు అర్థమైపోయింది. నాకైతే డాక్టరు చెప్తే తెలిసింది. ఆ మాత్ర నీళ్ళని ఒంట్లోనే పట్టి పెడతాది. బయటికి పోయే దారి మూసి, మీద చెంబులు చెంబులు పోస్తాంటే ఏమైతాది? నెత్తురు పల్చనై, అందులో ఉప్పు పడిపోతాది. ముందు తలనొప్పి అన్నాడంట. వేడి తలకెక్కిందని ఇది ఇంకో చెంబు పోసె. వాంతి చేసుకున్నాడు. పైత్యమని ఇంకో చెంబు. మంచం పట్టె మీద కూచోని గేర్లు మారుస్తాండెనంట. ఎడమ చేత్తో ఇట్ల, ఇట్ల. మీ అమ్మని చూసి 'క్లీనరూ, వెనకాల టార్పాలు కట్టినావా' అన్నాడంట. ఇంట్లోవాళ్ళు నవ్వినారు. నువ్వైనా నవ్వుతావు. సాయంత్రానికి ఫిట్స్ వచ్చె.

నేను ఓడరేవు నుంచి నేరుగా ఆస్పత్రికే పోతి. బావకి తెలివి లేదు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, నీళ్ళు ఎన్ని తాగినాడు అన్నాడు. నాకేం తెలుసు? వరండాలో మీ అవ్వ కూచోని ఉంటే అడిగితి. అది ఎంత గర్వంగా చెప్పిందనుకున్నావు. 'నేను తక్కువ చేస్తానా అన్నా? మాత్ర మింగిన ప్రతిసారీ చెంబుడు మజ్జిగ పోసినా. లేస్తే నీళ్ళు, కూచుంటే నీళ్ళు. వద్దన్నా వదల్లే.' అని, నా చేయి పట్టుకోని, 'నేను బాగానే చూసుకుంటి కదన్నా?' అనె.

ఏం చెప్పల్ల నేను? నీ అంత బాగ ఎవరు చూసుకుంటారు సిద్ధమ్మా అంటి. మర్నాడు పొద్దున బావ పోయినాడు. నెత్తురులో ఉప్పు తగ్గి పోయినాడని నర్సు చెప్పింది దీనికి. అంతే తెల్సు. బీపీ అని తను ఉప్పు తీసేసింది గదా, అందుకే పోయినాడని ఈ పొద్దుటి దాకా అనుకుంటాండాది. అందుకే చూడు, దాని చేతి మజ్జిగ సముద్రం నీళ్ళున్నట్ల ఉంటాది. ఇంటికొచ్చినోళ్ళెవరూ ముఖం మార్చరు. మీ నాయన అందరికీ గేటు కాడనే చెప్పి పిల్చుకోనొస్తాడు.

తెలుసుకునే హక్కు ఆమెకుండాది అంటావు. ఉండాది, కాదన్లే. కాలేజీ డిబేట్లలో ఆ మాటకి నీకు కప్పులిస్తారు, తీసుకో. తప్పు అవ్వది కాదు, చెప్పకుండ దాచిన తాతది, అది తెలిస్తే అవ్వకి బరువు తగ్గుతాది అంటావు. లెక్క ప్రకారం తగ్గల్ల. కానీ మీ అవ్వ ఆ సిగ్గు మాట వినదమ్మే. చెంబు మాటే వింటాది. ఉప్పెయ్యలేదని ఇన్నేండ్లు ఏడ్చింది, ఆ ఏడుపు దానికి అలవాటైంది. పోసిందే పానం తీసిందని ఈ వయసులో చెప్తే, ఆ చెయ్యిని ఏం చేసుకుంటాది? నీకంత కోపముంటే రేపు నువ్వు మందులంగడి పెట్టినప్పుడు చూపించు. ఈ మాత్రకి వచ్చినోని పెండ్లాన్ని లోపలికి పిల్చి, దానితో చెప్పు. మొగోడితో చెప్పొద్దు, వాడు తలూపుతాడు. ఈడ మాత్రం...

గిన్నెల సప్పుడు ఆగింది. వస్తాండాది. కండ్లు తుడుచుకో.

ఏం లేదు సిద్ధమ్మా, పాప చదువు సంగతి. సండూరు బస్సు ఎన్నింటికో అడుగుతాండా. మెల్లగ, గడప ఉండాది. ఇట్లియ్యి. నీ గ్లాసు తీసుకో నేత్రా. ఆ... చల్లగుండాది. ఉప్పా? సరిగ్గ సరిపోయింది చెల్లీ. తాగమ్మే, అంతా తాగు. చెప్పు నేత్రా, అవ్వ నిన్నే అడుగుతాండాది.